ఉప్పు సంగతి ఎవరు చెప్పాలి

నేను ఇల్లరికం అల్లుణ్ణి. మా అత్తమామలకు ఒక్కతే కూతురు. కొడవలూరు పక్కన వాళ్ళ ఊళ్ళో పొలం చూసుకోవడానికి ఇంకో మగమనిషి కావాలన్నారు. మా ఇంట్లో నేను నాలుగోవాణ్ణి, ఒకడు తగ్గితే మా వాళ్ళకు పడుకునే చోటు కలిసొస్తుంది. అట్లా రెండు వైపులా కుదిరింది. తీరా వచ్చాక నాకు వరి పొలం పని రాదని అందరికీ అర్థమైంది. పైకి ఎవరూ ఏమీ అనలేదు. ఒకరోజు మా మామయ్య, "నెల్లూరులో ఏదన్నా ఉద్యోగం చూసుకుంటే బాగుంటదేమో అబ్బయ్యా, నీ చదువు ఊరికే పోతందని నాకు బాధగా ఉండాది" అన్నారు. నా చదువు సంగతి అంతకుముందు ఎవరికీ గుర్తు రాలేదు. అప్పటినుంచీ పొద్దున్నే బండేసుకుని నెల్లూరు పోయి, బోరు మోటార్ల షాపులో పని చేసి, చీకటి పడేలోపు ఇల్లు చేరుతున్నాను.

ఆ ఇంట్లో మాటలన్నీ ఇట్లాగే నడుస్తాయి. కష్టమైన సంగతిని ఎవరూ సూటిగా చెప్పరు. దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఎదుటివాళ్ళకు తెలిసేలోపు పక్కకు తప్పుకుంటారు. ఒక్క మా ఆవిడే వేరు. ఆమెకు ఏది తోస్తే అది నోట్లోంచి వచ్చేస్తుంది. ఎవరి పోలికో మాకు తెలియదు.

మా అత్తమ్మ మొదటి ఏడాది నన్ను "మీరు" అనేది. తర్వాత "నువ్వు"లోకి దిగింది. అది ఉద్యోగంలో పర్మనెంటు అయినట్టని నేను సంతోషపడ్డాను. ఆమె పెట్టే చేపల పులుసు మా చర్చిలో ఎంత పేరున్నదంటే, పెళ్ళయినా సమాధి కూడికయినా ముందు ఆమెకు ఖాళీ ఉందో లేదో కనుక్కునే తక్కినవి చూసుకుంటారు. ఊళ్ళో హిందువుల ఇళ్ళలోనుంచి కూడా గిన్నె పట్టుకుని వచ్చేవాళ్ళు. పులుపు, కారం, మామిడికాయ ముక్క ఎప్పుడు పడాలి, అన్నీ ఆమె చేతికి తెలుసు. గరిటెతో ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాలిక్కి తాకించి కళ్ళు మూసుకునేది. ఆ తర్వాత చెయ్యి ఉప్పుడబ్బాలోకి పోయేది, లేకపోతే పోయేది కాదు. అంతే. ఆ చెయ్యి తప్పగా నేను చూడలేదు. అందుకని అల్లుడిగా నేను అనాల్సిన "బాగుంది" అనే మాటను ఏళ్ళ తరబడి నిజాయితీగానే అంటూ వచ్చాను.

ఒక ఏడు వానలకు ఊరంతా జ్వరాలు పట్టుకున్నాయి. మా ఇంట్లో వరసగా అందరం పడ్డాం. అందరికీ జావ కాచి పోసి, చివరగా అత్తమ్మ మంచమెక్కింది. ఆమెకు మా కన్నా గట్టిగా వచ్చింది. లేచిన రోజు, గోడ పట్టుకుని నడుస్తూనే, సముద్రం ఒడ్డునుంచి బండి మీద చేపలు తెచ్చే ఆమెను ఆపి చేపలు తీసుకుంది. మేం వద్దన్నాం. వినలేదు.

ఆ మధ్యాహ్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. సముద్రంలో స్నానానికి దిగినప్పుడు అల కొడితే నోట్లోకి వచ్చే రుచి ఉంటుంది చూడండి, అది. నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె వాళ్ళ నాయన వైపు చూసింది. మామయ్య పళ్ళెంలోకి చూసుకుంటున్నారు.

"ఎట్టుంది?" అంది అత్తమ్మ, తలుపుకు ఆనుకుని. కాళ్ళు ఇంకా వణుకుతున్నాయి ఆమెకు.

"బాగుంది" అన్నాను.

"బాగుందమ్మా" అంది మా ఆవిడ. ఆమె జీవితంలో అంత మర్యాద నేను చూడటం అదే.

మామయ్య, "మజ్జిగ ఉండాదా?" అన్నారు.

జ్వరం నీరసంలో ఒకసారి చెయ్యి జారి ఉంటుందిలే అనుకున్నాం. మర్నాడు పప్పు కూడా అంతే. ఆ మర్నాడు చారు. అప్పుడన్నా ఎవరో ఒకరు చెప్పాల్సింది. చెప్పకపోవడానికి ఎవరి కారణం వాళ్ళకుంది. మామయ్య పెళ్ళయిన దగ్గర్నుంచి కూర మీద ఒక్క మాట అనలేదు, ఇప్పుడు కొత్తగా మొదలుపెడితే ఆమె భయపడుతుందన్నారు. మా ఆవిడ, జ్వరానికి ముందే చీరెల బీరువా సర్దే విషయంలో వాళ్ళమ్మతో పెద్ద గొడవ పెట్టుకుని, మందుబిళ్ళలు అందించే వంకన రాజీపడింది. ఆ రాజీని పోగొట్టుకోవడం ఆమెకు ఇష్టం లేదు. నాకు కారణం చెప్పాల్సిన పని లేదు. నేను ఇల్లరికం అల్లుణ్ణి.

ఈలోపు ఒక సాయంత్రం నేను ఇంట్లో అడుగు పెట్టేసరికి వంటింట్లోనుంచి పొగ. పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడి ఉంది. అత్తమ్మ పొయ్యికి వీపు పెట్టి కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. మా ఆవిడ పరిగెత్తుకొచ్చి పొయ్యి ఆపింది.

"మాడిన వాసన రాలేదా అమ్మా?"

అత్తమ్మ వెనక్కి తిరిగి గిన్నెను చూసి ఆశ్చర్యపోయింది. "నాకేం రాలే. పాలల్లో ఏం కలపతన్నారో ఏందో ఈ మధ్య."

మాకు అప్పుడే అర్థం కావాల్సింది. కాలేదు. ఈ కాలపు పాలు మంచివి కావని ముగ్గురం ఒప్పుకుని, గిన్నె తోమడానికి ఇచ్చాం.

తర్వాత మేం ఎవరికి తోచిన ఉపాయం వాళ్ళం చేశాం. మా ఆవిడ, వాళ్ళమ్మ పెరట్లోకి పోయినప్పుడు పులుసులో చెంబెడు నీళ్ళు పోసేది. అత్తమ్మ తిరిగొచ్చి గరిటెతో తిప్పి, పులుసు పలచగా ఉందని చింతపండు పిసికి పోసి, దానికి సరిపడా ఇంకో పిడికెడు ఉప్పు వేసేది. మామయ్య అన్నం ఎక్కువ పెట్టుకుని కూర తగిలీ తగలకుండా తినడం మొదలుపెట్టారు. నేను షాపు దగ్గర హోటల్లో ఇడ్లీలు తిని వచ్చి ఆకలి లేదనేవాణ్ణి. నెల తిరిగేసరికి నా చొక్కాలు వదులయ్యాయి.

అత్తమ్మ ఇవన్నీ చూస్తూనే ఉంది. ఉప్పు తప్ప తక్కినదంతా ఆమెకు కనిపించింది. ఒకరోజు నేను కాళ్ళు కడుక్కుంటుంటే దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "అబ్బయ్యా, మీ ఇద్దరికీ ఏమన్నా మాటా మాటా వచ్చిందా?" అంది.

"లేదే అత్తమ్మా."

"నా కూతురి నోరు నాకు తెలుసు. ఏమన్నా అన్నా మనసులో పెట్టుకోబాకు. అన్నం మానుకోబాకు."

"అట్టాంటిదేం లేదు."

"మరి ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉండా."

ఆమె నా ముఖం కొంతసేపు చూసి లోపలికి పోయింది. ఆ ఆదివారం చర్చిలో, ప్రార్థన మనవులు చెప్పుకునే సమయం వచ్చినప్పుడు, అత్తమ్మ ఆడవాళ్ళ వరసలోనుంచి లేచి నిలబడింది. మా ముగ్గురికీ ఏదో జబ్బు చేసిందని మాకు అప్పుడే తెలిసింది.

"మా ఇంట్లో ఎవరికీ అన్నం హితవు కావడం లేదు" అంది. కొంగు తల మీదికి లాక్కుంది. "జ్వరాలు వచ్చి పోయినాయి, ఆకలి మాత్రం తిరిగి రాలేదు. మా అల్లుడైతే సగమైపోయినాడు. నేను ఎంత బాగా వండి పెట్టినా రెండు ముద్దలు తిని లేస్తన్నారు. సంఘమంతా మా వాళ్ళ కోసం ప్రార్థన చెయ్యాల."

సంఘమంతా చేసింది. పాస్టరు అయ్యగారు మా ముగ్గురి కోసం పేరుపేరునా ప్రార్థించారు. నా పేరు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగారు. నేను తల వంచుకుని కళ్ళు మూసుకుని ఉన్నాను. ఒక కన్ను తెరిచి చూస్తే మామయ్య కూడా ఒక కన్ను తెరిచి నా వైపే చూస్తున్నారు.

బయటికొచ్చాక నన్ను పలకరించని వాళ్ళు లేరు. ఒకాయన షుగరు పరీక్ష చేయించుకోమన్నాడు. ఒకామె అల్లం మురబ్బా తెచ్చిస్తానంది, తెచ్చిచ్చింది కూడా. నెల్లూరులో పెద్దాసుపత్రిలో పనిచేసే ఒకాయన నా కళ్ళ కింద రెప్పలు కిందికి లాగి చూసి, "రక్తం తక్కువగా ఉందన్నా" అన్నాడు. నేను అందరికీ వందనాలు చెప్పాను. అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. ఇంటికి పోయే దారంతా అత్తమ్మ నా పక్కన నడుస్తూ, ఎవరడిగినా, "తగ్గిపోతదిలే, దేవుడు ఉండాడు" అని నా తరపున జవాబిస్తోంది.

ఇది ఇట్లాగే నడిచిపోయేదేమో, కోత పండుగ రాకపోతే. మా చర్చిలో కోత పండుగకు ప్రేమవిందు పెడతారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వస్తారు, పొలాల పొరుగువాళ్ళయిన హిందూ కుటుంబాలను కూడా పిలుస్తారు. పులుసు ఎప్పుడూ అత్తమ్మదే. ఇంటి పులుసును మేం ముగ్గురం మోస్తున్నాం, ఊరందరి పులుసును ఎవరు మోస్తారు?

మామయ్య నన్ను పొలం చూద్దాం రమ్మని పిలుచుకుపోయారు. నేను పొలం చూసి చేసేదేమీ లేదని ఇద్దరికీ తెలుసు. గట్టు మీద కూర్చున్నాక ఆయన చాలాసేపు ఎలుకల గురించి మాట్లాడారు. ఆ తర్వాత, "నువ్వు చెప్తే బాగుంటది అబ్బయ్యా" అన్నారు.

"నేనా మామయ్యా?"

"నీ మీద ఆమెకు కోపం రాదు. వచ్చినా పైకి అనదు."

"పైకి అనకపోవడమే గదా మామయ్యా మన ఇంట్లో కష్టం."

ఆయన మళ్ళీ ఎలుకల దగ్గరికి పోయారు. నేను రెండు రోజులు గడువు అడిగాను. షాపులో నేను రోజూ చేసే పనే ఇది. మోటారు కాలిపోయిందని ఎత్తుకొచ్చిన రైతుకు, కాలింది కంపెనీ తప్పు వల్ల కాదు, నీళ్ళు లేని బోరులో రాత్రంతా తిప్పినందువల్ల అని చెప్పాలి. నేను ముందు కరెంటును తిడతాను. తర్వాత కాలాన్ని తిడతాను. చివరకు మోటారు దగ్గరికి వస్తాను. అప్పటికి రైతు కోపం సగం కరెంటు మీదా సగం కాలం మీదా ఖర్చయి ఉంటుంది. మా యజమాని నన్ను ఈ ఒక్క పని కోసమే ఉంచుకున్నాడని షాపులో అందరూ అంటారు. ఇంట్లో ఆ విద్య ఎట్లా వాడాలో నేను ఆలోచిస్తుండగానే మా ఆవిడ ఆగలేకపోయింది.

మర్నాడు పొద్దున ఉప్మా పెట్టారు. ఆమె ఒక చెంచా తిని, పళ్ళెం కింద పెట్టి, "అమ్మా, నోట్లో పెట్టుకోలేకపోతన్నాం. ఉప్పు కషాయంగా ఉండాది. నువ్వు జ్వరం నుంచి లేచిన దగ్గర్నుంచీ ఇంతే. పండుగకు నువ్వు వండబాకు" అంది.

అంతా నిజమే. ఒక్క మాట కూడా తీసెయ్యడానికి లేదు. అత్తమ్మ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది.

"జ్వరం నుంచి లేచిన దగ్గర్నుంచా?" అంది.

మామయ్య ఉప్మాను పళ్ళెం అంచుకు నెట్టారు.

"ఏమయ్యా?" అని మామయ్యను అడిగింది. ఆయన తల ఊపారు. ఆమె నన్ను అడగలేదు, చూసింది. నేను కూడా తల ఊపాను.

"అయితే నేను చర్చిలో నిలబడి మీకోసం అడుక్కుంటా ఉంటే, అందరూ తెలిసే కూర్చున్నారు."

గరిటె కడిగి బోర్లించింది. చెయ్యి తుడుచుకుని పెరటి వైపు అరుగు మీదికి పోయి కూర్చుంది. ఏడవలేదు, అరవలేదు. అరిచి ఉంటే మాకు సుఖంగా ఉండేది.

ఆ రోజునుంచి మా ఆవిడే వండింది. అత్తమ్మ అందరితో పాటు కూర్చుని పెట్టింది పెట్టినట్టు తింది. "ఎట్టుందమ్మా?" అని మా ఆవిడ అడిగితే, "బాగుంది" అనేది. పప్పు మాడినా బాగుంది. చారులో నీళ్ళు తప్ప ఏమీ లేకపోయినా బాగుంది. ఆ మాటను అచ్చంగా మేం అన్నట్టే, అదే గొంతుతో, పళ్ళెంలోకి చూస్తూ అనేది. మామయ్య ఒకసారి మజ్జిగ అడగబోయి మానుకున్నారు. ఇంట్లో పోట్లాట లేదు. గొంతు పెంచిన వాళ్ళు లేరు. అట్లాంటి వారం ఇంకోటి నాకు వద్దు.

ఒక సాయంత్రం షాపునుంచి త్వరగా వచ్చి అరుగు మీద ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె ఎండబెట్టిన మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నేను కూడా కొన్ని అందుకుని తియ్యడం మొదలుపెట్టాను.

"అత్తమ్మా, ఈ మధ్య కల్లుప్పు సరిగ్గా రావడం లేదంట" అన్నాను. "ఘాటు ఎక్కువైందని షాపు దగ్గర కూడా అనుకుంటన్నారు. పాత కొలతతో వేస్తే ఎక్కువైపోతందంట."

ఆమె తొడిమ తీయడం ఆపలేదు. "అబ్బయ్యా, మోటార్ల దగ్గర కూడా ఇట్టనే చెప్తావా?"

"అవును అత్తమ్మా."

"వాళ్ళు నమ్మతారా?"

"నమ్మరు. కోపం మాత్రం కొంచెం తగ్గద్ది."

"నాకు తగ్గలే" అంది.

ఇక తిప్పి చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. అందుకని ఉన్నది చెప్పాను. మొదటి రోజు ఆమె కాళ్ళు వణుకుతుంటే చెప్పడానికి నోరు రాలేదని, రెండోరోజు మొదటిరోజు చెప్పలేదు కాబట్టి చెప్పలేకపోయానని, తర్వాత రోజురోజుకూ అది పెద్దదైపోయి, చర్చిలో ఆమె లేచి నిలబడేసరికి ఇంటికన్నా పెద్దదైపోయిందని. "మీకు బాధ కలగకూడదనే అత్తమ్మా. కానీ మీరు ఒక్కరే బయట ఉండి, మేం ముగ్గురం లోపల ఉన్నట్టయిపోయింది. అది మేం చూసుకోలేదు."

ఆమె మిరపకాయ కింద పెట్టింది.

"ఉప్పు ఎక్కువైందంటే నాకు కోపం ఎందుకొస్తది? ఉప్పెక్కువ వెయ్యని మనిషి ఎక్కడన్నా ఉండాదా?" అంది. కొంచెం ఆగి, వేరే ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది. "కాఫీ పొడి ఎక్కడ తెస్తన్నావు ఇప్పుడు?"

"ఎప్పుడూ తెచ్చే చోటే."

"దాంట్లో వాసన లేదు. మోసం చేస్తన్నాడని నీకు చెప్పలే, నీకు తెలిసిన కొట్టు గదా, నొచ్చుకుంటావని." ఇంకొంచెం ఆగింది. "పూలమ్మి తెచ్చే మల్లెపూలు కూడా అంతే. మందులు కొట్టి పెంచతన్నారేమో. రైసుమిల్లు కూడా మూసేసినారు గదా, వడ్లు ఉడికే వాసన రావడం లేదు."

మిల్లు మూయలేదు. ఆ సాయంత్రం కూడా వడ్లు ఉడుకుతున్న వాసన మా అరుగు మీదికి వస్తోంది. ఇది ఉప్పు సంగతి కాదని అప్పుడు తెలిసింది.

"మిల్లు నడస్తందత్తమ్మా" అన్నాను. "ఇప్పుడు కూడా వాసన వస్తా ఉంది."

"నీకు వస్తందా?"

"వస్తంది."

ఆమె లేచి లోపలికి పోయి కాఫీ డబ్బా తెచ్చింది. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. నాకిచ్చింది. "వస్తందా?" వస్తోందన్నాను. వెల్లుల్లి రెబ్బ నలిపి చూసింది, నాకిచ్చింది. వస్తోందన్నాను. ఇంగువ డబ్బా తెచ్చింది. అది మూత తీయకముందే వస్తుంది. ఆ మాట కూడా చెప్పాను. ఆమె ఒక్కొక్కటీ నా చేతిలోంచి తీసుకుని మూతలు గట్టిగా పెట్టింది. ఆ తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుంది. తుడవాల్సింది ముక్కు కాదు, కానీ ఆమె ముక్కే తుడుచుకుంది. నేను మిగిలిన మిరపకాయల తొడిమలన్నీ తీసేశాను.

నెల్లూరులో చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. కుర్రాడు, మంచివాడే. పరీక్ష చేసి నా వైపు తిరిగి, జ్వరాల తర్వాత కొందరికి వాసన పోతుందనీ, దాంతో రుచి కూడా తెలియదనీ, తిరిగి రావచ్చనీ, రాకపోవచ్చనీ చెప్పుకుపోతున్నాడు.

"బాబూ, నాకు చెప్పు" అంది అత్తమ్మ. "ముక్కు నాది."

డాక్టరు కుర్చీ ఆమె వైపు తిప్పుకుని మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. ఈసారి నెమ్మదిగా చెప్పాడు. ఆమె అన్నీ విని, "రాకపోవచ్చు అన్నావు గదా. ఆ మాట చెప్పినందుకు సంతోషం" అంది.

ఇంటికొచ్చాక సంగతి మా ఆవిడకు ఆమే చెప్పింది. మా ఆవిడ పొయ్యి ఆపేసి కింద కూర్చుండిపోయింది.

"నాకు తెలియకపాయె అమ్మా. నేను ఉప్పనుకుని ఎన్ని మాటలన్నాను."

"నువ్వన్నదాంట్లో తప్పేం లేదు. పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని చెప్పి ఉంటే బాగుండు, అంతే. ఉప్మా గరిటెతో నిలబడి వినేటట్టు కాకుండా."

"నాకు చెప్పడం రాదమ్మా."

"నాకూ రాదు. మీ నాయనకు అసలే రాదు. మరి నీకెవరు నేర్పిస్తారు?"

మా ఆవిడ వాళ్ళమ్మ జడ విప్పి నూనె రాయడం మొదలుపెట్టింది. జుట్టు లాగుతోందని అత్తమ్మ అంది. లాగలేదని మా ఆవిడ అంది. నేను బయటికి వచ్చేశాను. ఇల్లు బాగుపడిందని నాకు అనిపించింది.

ఆ ఆదివారం చర్చిలో ఆమె మళ్ళీ నిలబడింది. మేం ముగ్గురం ముందే భయపడ్డాం. "పోయినసారి నేను తప్పు మనవి చెప్పినాను" అంది. "మా వాళ్ళ ఆకలికి ఏమీ కాలేదు. నా ముక్కు పోయింది. వాళ్ళ కోసం చేసిన ప్రార్థన దయచేసి నాకు మార్చండి." అయ్యగారు మళ్ళీ కళ్ళు మూసుకుని, మార్చారు. బయట మురబ్బా ఇచ్చినామె నా వైపు చూసిన చూపు గురించి నేను చెప్పను.

ఆ మధ్యాహ్నమే అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, మా ఇంటికొచ్చారు. పండుగ వంట మాట ఎత్తడానికి వచ్చారని తెలుస్తూనే ఉంది. కానీ ఆమె ముందు వానల గురించి మాట్లాడారు, తర్వాత వడ్లు ఆరబోసే చోటు గురించి. "ఈసారి మీకు విశ్రాంతి ఇద్దామని సంఘం పెద్దలు అనుకుంటన్నారు అక్కా, ఒంట్లో బాగాలేదు గదా..." అన్నారు చివరకు, చాపకొస పీకుతూ.

"ఒళ్ళు బాగానే ఉండాదమ్మగారూ. ముక్కు ఒక్కటే లేదు" అంది అత్తమ్మ. "పులుసు నేనే పెడతా. ఉప్పు మా అల్లుడు చూస్తాడు."

నన్ను ఎవరూ అడగలేదు. అమ్మగారి ముఖంలో మాత్రం పెద్ద బరువు దిగింది. మిగిలిన మంచినీళ్ళు ఒక్క గుక్కలో తాగేశారు.

పండుగ రోజు చర్చి వెనక పొయ్యిల మీద గుండిగలు పెట్టారు. ఆడవాళ్ళందరూ చుట్టూ ఉన్నారు. వాళ్ళ మధ్యలో స్టూలు మీద నేను, చేతిలో చిన్న గిన్నె. అత్తమ్మ ముందే నాకు చెప్పింది. "బాగుంది అన్న మాట నాకు పనికిరాదు. ఎక్కువా, తక్కువా, సరిపోయిందా? ఈ మూడే అను. గట్టిగా అను."

మొదటిసారి రుచి చూసి, "తక్కువ" అన్నాను. వేసింది. మళ్ళీ చూసి, "సరిపోయింది" అన్నాను.

"సరిపోదు" అంది ఆమె.

"సరిపోయిందత్తమ్మా."

"పులుసు రంగు చూస్తే తెలస్తంది నాకు. ఇంకొంచెం పడాల."

"నాలిక నాది గదా అత్తమ్మా."

చుట్టూ ఆడవాళ్ళు నా వైపు తిరిగారు. అల్లుడు అత్తతో అట్లా అనడం వాళ్ళు విని ఉండరు. అత్తమ్మ ఉప్పుడబ్బా పట్టుకుని నన్ను చూసింది, గుండిగను చూసింది. తర్వాత డబ్బా మూత పెట్టేసింది. "సరే. నీ మాటే" అంది. నన్ను నమ్మినందుకు నాకు సంతోషమేసింది. అంతకన్నా ఎక్కువ భయమేసింది.

భోజనాల బంతులు నడిచాయి. అందరూ తిన్నారు. ఎవర్ని అడిగినా బాగుందన్నారు. ఆ మాట ఎట్లాంటిదో మా ఇంట్లో వాళ్ళకు ఇప్పుడు తెలుసు. అత్తమ్మ బకెట్టు పట్టుకుని వరసలో పోతూ, మా పక్క పొలం పెద్దాయన దగ్గర ఆగింది. ఆయన హిందువు, పెద్ద రైతు, ప్రతి ఏడూ పండుగకు వచ్చి తినిపోతాడు.

"అన్నా, నిజం చెప్పు. ఎట్టుంది?"

"బాగుందమ్మా."

"అది కాదు. నాకు రుచి తెలియదిప్పుడు. నువ్వు చెప్తేనే నాకు తెలిసేది."

పెద్దాయన చెయ్యి పులుసన్నంలో ఆగింది. నా వైపు చూశాడు, అటు అయ్యగారి వైపు చూశాడు. ఇబ్బందిపడ్డాడు. తర్వాత ఆమె ముఖంలోకి చూసి, మెల్లగా, పక్కవాళ్ళకు వినపడకుండా, "ఉప్పు ఒక రవ్వ తగ్గిందమ్మా. చెయ్యి మాత్రం నీదే, అది ఎక్కడికీ పోలే" అన్నాడు.

అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. అన్ని వరసల అవతలనుంచి నన్ను వెతికి పట్టుకుని, "విన్నావా అబ్బయ్యా?" అని కేకేసింది. అందరూ విన్నారు. ఆ రోజంతా ఆమె అంత సంతోషంగా తిరగడం జ్వరం తర్వాత మేం చూడలేదు.

ముక్కు ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. అప్పుడప్పుడు ఘాటైన వాసన ఏదో దూరంగా తగిలినట్టుంటుందంటుంది. ఇంట్లో "బాగుంది" అనే మాటను ఆమె తీసేసింది. ఉన్నదేదో పక్కన కూర్చుని చెప్పాలి, వంట అయ్యాక కాదు అవుతుండగానే చెప్పాలి, ఆమె అడిగిందే చెప్పాలి. మా ఆవిడ రెండో షరతు వరకూ నేర్చుకుంది.

మామయ్య ఈ కొత్త పద్ధతిని చాలాకాలం దూరంనుంచి చూశారు. ఒకరోజు భోజనం మధ్యలో గొంతు సవరించుకుని, "అయితే నేను కూడా ఒకటి చెప్పనా?" అన్నారు.

"చెప్పు" అంది అత్తమ్మ.

"నాకు గుత్తివంకాయ పెళ్ళయిన కాడ్నుంచీ ఇష్టం లేదు."

మా ఆవిడా నేనూ ముద్ద పట్టుకుని ఆగిపోయాం. అత్తమ్మ ఆయన్ను చాలాసేపు చూసింది. వారానికి ఒకసారన్నా ఆ కూర చెయ్యకుండా ఆమె ఇల్లు నడిపింది లేదు.

"సరే" అంది. "చెప్పినావు, విన్నాను. మంచిదే."

ఆ శనివారం గుత్తివంకాయే చేసింది. నేను ఉప్పు చూశాను. మామయ్య రెండు కాయలు పెట్టించుకుని తిన్నారు.